సిమెంటు ఐస్‌క్రీం మీద నాలుగు బాణాలు

ఇస్నాపూర్ నుంచి చిట్కుల్ వెళ్ళే దారిలో, రోడ్డు పక్కన, ఒక సిమెంటు ఐస్‌క్రీం ఉంటుంది. రెండు ఆటోలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత ఎత్తు. ఒళ్ళంతా ఆకుపచ్చ రంగు, దాని మీద నాలుగు తెల్ల బాణాలు. కొత్తగా అటు వచ్చినవాళ్ళు బండి ఆపి ఫొటో తీసుకుంటారు. ఆ బాణాలెందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. ఏదో పార్టీ గుర్తని ఒకరు, ఎదుటి ఫ్యాక్టరీకి వాస్తుదోషమని ఒకరు, పిడుగులు పడకుండా అని ఇంకొకరు. అసలు సంగతి నాకు తెలుసు. ఆ బాణాలు వేయించింది నేనే.

కొత్తగా డిప్లొమా చేతపట్టుకుని ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసర్లుగా చేరుతున్న చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ, ఇది మీకోసం రాస్తున్నాను. నిజానికి ఇలాంటివి రిటైరైన పెద్దవాళ్ళు రాయాలి. నాకు ముప్ఫై రెండు కూడా నిండలేదు. కానీ పాపకి ఏడాది దాటాక, చూసుకునే మనిషి దొరక్క ఉద్యోగం మానేశాను కాబట్టి ప్రస్తుతానికి నేనూ విశ్రాంత ఉద్యోగినే. విశ్రాంతి ఒక్కటే ఇంకా అందలేదు.

పాప ఇప్పుడే పడుకుంది. పడుకుందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చాను. ఈ పేరా అయ్యాక ఇంకోసారి చూస్తాను. మా ఇంట్లో ప్రతి బల్ల మూలకీ రబ్బరు తొడుగు ఉంటుంది. వంటగది గుమ్మం పక్కన మంటలార్పే ఎర్ర సిలిండరు ఉంటుంది. దసరాకి మా అత్తగారు స్కూటరుతో పాటు దానికీ బొట్టుపెట్టి నిమ్మకాయ కట్టారు. నాకు చిన్నప్పటి నుంచీ అన్నిటికీ భయమే. నాన్న పనిచేసిన సర్కారు ప్లాంటు క్వార్టర్స్‌లో నన్ను ‘జాగ్రత్త అమ్మాయి’ అనేవాళ్ళు. నా భయాలకి జీతమిచ్చిన చోటు ఈ లోకంలో ఒకటే ఉంది. అది ఆ సిమెంటు ఐస్‌క్రీం ఎదురుగా ఉన్న ఐస్‌క్రీం ఫ్యాక్టరీ.

ముందు ఆ బొమ్మ చరిత్ర చెప్పాలి. ఫ్యాక్టరీ మొదటి యజమాని ముచ్చటపడి కట్టించాడట. పైన గులాబీ రంగు గుండ్రటి ఐస్‌క్రీం, కింద గోధుమరంగు గళ్ళ కోను, ఆ కోను మొన దిగబడేలా చుట్టూ గుండ్రటి గద్దె. రెండు వానాకాలాలు గడిచేసరికి గులాబీ రంగు పోయింది. బూడిదరంగు గుండ్రటి తల, కింద గళ్ళ పిడి మిగిలాయి. చూసినవాళ్ళెవరికీ అది ఐస్‌క్రీంలా కనిపించలేదు. మైకులా కనిపించింది. అంతే, ఊరికంతా అది మైకు అయిపోయింది. ఆటోవాళ్ళు ‘మైకు, మైకు, మైకు’ అని పిలిచేవాళ్ళు. పెళ్ళి పత్రికల వెనక దారి గుర్తులో ‘మైకు దాటాక కుడివైపు’ అని అచ్చువేసేవాళ్ళు.

పాపం ఆ యజమాని చాలా బాధపడ్డాడట. దాన్ని ఐస్‌క్రీం అని పిలిచినవాళ్ళకి ఒక కప్పు ఉచితం అని గేటు దగ్గర బోర్డు పెట్టించాడట. జనం వరసగా వచ్చి, ‘ఐస్‌క్రీం’ అని గట్టిగా చెప్పి, కప్పు పుచ్చుకుని, ‘పాండ్రి, మైకు కాడ కూసోని తిందం’ అని వెళ్ళిపోయేవాళ్ళట. కొన్నాళ్ళకి ఆయన ఫ్యాక్టరీనే అమ్మేశాడు. కారణం అదే అయి ఉండదు, కానీ మా సెక్యూరిటీ సూపర్‌వైజరు మాత్రం అదేనని ప్రమాణం చేసి చెప్పేవాడు.

నేను చేరేనాటికి ఆ ప్రాంతంలో బతుకంతా మైకు చుట్టూ తిరిగేది. షేర్ ఆటోలు అక్కడే ఆగేవి. భార్యాభర్తలు వేరువేరు షిఫ్టులైతే ఇంటి తాళంచెవి చేతులు మారేది అక్కడే. పుట్టినరోజు కేకు అక్కడే కోసేవాళ్ళు. గొడవపడ్డవాళ్ళని అక్కడే కూర్చోబెట్టి కలిపేవాళ్ళు. గద్దె పక్కనే చాయ్ బండి. ఆ బండి నడిపే అక్కకి మా ఫ్యాక్టరీలో ఎవరు ఏ షిఫ్టులో ఉన్నారో మా హెచ్‌ఆర్ కంటే బాగా తెలుసు.

ఇక నా పని. ఐస్‌క్రీం ఫ్యాక్టరీ అంటే పిల్లల కల అనుకుంటారు. లోపల అంతా చల్లబరిచేది అమోనియా. అది గొట్టాల్లో ఉన్నంతసేపూ మంచిదే, బయటికొస్తే ఊపిరాడనివ్వదు. అందుకని అప్పుడప్పుడూ డ్రిల్లు చేయాలి. సైరన్ ఆగి ఆగి మోగితే, అందరూ పని వదిలేసి అసెంబ్లీ పాయింట్ అనే చోటుకి రావాలి. అక్కడ తలలు లెక్కపెట్టాలి. సేఫ్టీ ఆఫీసరు చదివిన చదువంతా చివరికి ఆ ఒక్క లెక్కలో తేలుతుంది. లోపల ఎంతమంది ఉన్నారో, బయట అంతమంది ఉండాలి. మా ప్లాన్ ప్రకారం ఆ చోటు క్యాంటీన్ వెనక గోడ.

నేను ప్రొబేషన్‌లో ఉన్నాను. అది ముగిసేలోపు ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టరు ముందు ఒక డ్రిల్లు సరిగ్గా చేయించగలిగితే ఉద్యోగం ఖాయం అని మా మేనేజరుగారు చెప్పారు. సరిగ్గా అప్పుడే నాకు నెల తప్పింది. నాకు ముందు క్వాలిటీ సెక్షన్‌లో ఒకామె ప్రొబేషన్‌లో ఉండగానే ఈ కబురు సంతోషంగా చెప్పిందట. ‘శుభం, ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమ్మా’ అన్నారట. ఆ విశ్రాంతి నుంచి ఆమె మళ్ళీ తిరిగి రాలేదు. అందుకని కన్ఫర్మేషన్ చేతికొచ్చేదాకా ఎవరికీ తెలియకూడదని నిర్ణయించుకున్నాను. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఎంతగా కావాలంటే, వెనిల్లా వాసన వచ్చిన ప్రతిసారీ కడుపులో తిప్పుతున్నా ఐస్‌క్రీం ఫ్యాక్టరీలో నవ్వుతూ తిరిగేటంతగా.

మొదటి డ్రిల్లు రోజు చేతిలో విజిల్ పట్టుకుని క్యాంటీన్ గోడ దగ్గర నిలబడ్డాను. సైరన్ మోగింది. మేనేజరుగారు వచ్చారు. ఇద్దరు ఆఫీసు గుమాస్తాలు వచ్చారు. క్యాంటీన్ వంటమనిషి అప్పటికే అక్కడ ఉన్నాడు, ఉల్లిపాయలు తరుగుతున్నాడు. అంతే. మిగతా ఫ్యాక్టరీ అంతా గేటు దాటి మైకు దగ్గరికి పోయింది.

ప్యాకింగ్ సెక్షన్‌లో ఆడవాళ్ళందరికీ పెద్దదిక్కు ఒకావిడ ఉండేది. అందరూ పెద్దక్క అనేవాళ్ళు. ఆమెని అడిగాను.

“అసెంబ్లీ పాయింట్ క్యాంటీన్ గోడ దగ్గర అని చెప్పాను కదా పెద్దక్కా?”

“గాడ ఏముంటది మేడం? గోడ ఉంటది.”

“సైరన్ మోగితే అక్కడికే రావాలి.”

“సైరన్ అయితే మైకు కాడికే పోతం కద. రోజు పోతలేమా?”

“అది షిఫ్టు అయిపోయిన సైరన్. ఒకటే మోత. ఇది ఆగి ఆగి మోగింది, వినలేదా?”

“ఇన్నం. కరెంటు సక్కగ లేదనుకున్నం.”

అందులో ఇద్దరు మైకు దగ్గర ఆగకుండా ఆటో ఎక్కి చిట్కుల్‌లో ఇంటికే వెళ్ళిపోయారు. ఫోన్ చేస్తే ఒకామె, “పొయ్యి మీద పప్పు పెట్టిన మేడం, దించి వస్త” అంది.

ఆ తర్వాత నేను చేయని ప్రయత్నం లేదు. క్లాసులు పెట్టాను. గోడ దగ్గరికి వచ్చినవాళ్ళకి చాక్లెట్లు పంచాను. మైకు బొమ్మ గీసి, దాని మీద ఎర్ర ఇంటూ గుర్తు కొట్టి, ‘ఇటు వెళ్ళరాదు’ అని ప్రతి తలుపు మీదా అంటించాను. రెండో డ్రిల్లులో గేటు దగ్గర రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాను. జనం నా చేతుల కిందనుంచి వంగి వెళ్ళిపోయారు. ఒరిస్సా నుంచి వచ్చిన లోడింగ్ కుర్రాడు ఒకడు మాత్రం ఆగి, ఎంతో మర్యాదగా, “సబ్ ఉధర్ హై మేడం. మై అకేలా దీవార్ కే పాస్ క్యా కరూ?” అన్నాడు. అందరూ అక్కడుంటే ఒంటరిగా గోడతో ఏం చేయాలన్న ప్రశ్నకి నా డిప్లొమాలో జవాబు లేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు దగ్గరపడింది. మేనేజరుగారిది కృష్ణా జిల్లా. చాలా సౌమ్యులు, అంతకంటే చాలా భయస్థులు. ఆ విషయంలో మా ఇద్దరికీ బాగా కుదిరేది. ఒకరోజు నన్నూ సెక్యూరిటీ సూపర్‌వైజరునీ పిలిచి ఉపాయం చెప్పారు.

“డ్రిల్లు జరిగే ఆ కాసేపు గేటుకి తాళం వేయిద్దామండి. ఇంకెటు పోతారు? గోడ దగ్గరికే వస్తారు.”

నేను అడ్డుపడ్డాను. “సార్, సైరన్ మోగుతుంటే గేటుకి తాళం వేయడమంటే, దానికంటే పెద్ద ప్రమాదం ఇంకేముంటుంది? ఆ పని నేను చేయలేను.”

“పోనీ వేసినట్టు వేసి...”

“తాళంచెవి నా తాననే ఉంటది సార్, ఫికర్ లేదు” అన్నాడు సూపర్‌వైజరు. “ఏదన్న అయితే జల్దీ వచ్చి తీస్త.”

“ఎక్కడినుంచి వస్తావు?”

“ఇంకేడికెళ్ళి సార్? మైకు కాడికెళ్ళే.”

ఆ ఉపాయం అక్కడితో ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నమే క్యాంటీన్ వెనక నిలబడి ఏం చేయాలా అని ఆలోచిస్తుంటే మా షెడ్డు కప్పు మీది గుడ్డగొట్టం కంటపడింది. గాలి ఎటు వీస్తుందో చూపించడానికి కట్టే నారింజరంగు గొట్టం అది. మావాళ్ళు దాన్ని ఒంటికాలి ప్యాంటు అనేవాళ్ళు. అది నిండుగా ఉబ్బి, తిన్నగా నా వైపే చూపిస్తోంది. దానికి అవతల కంప్రెసర్ గది, అంటే అమోనియా ఉండే చోటు. ఇవతల గోడ, అంటే నేను ఇంతకాలం జనాన్ని రమ్మని బతిమాలుతున్న చోటు. వారం రోజులు అదేపనిగా చూశాను. చాలావరకు గాలి అటునుంచి ఇటే. మైకు మాత్రం గాలికి ఎగువన ఉంది. గేటు బయట, రోడ్డుకి ఇవతలే, విశాలమైన చోటు. పైగా జనం కాళ్ళు కళ్ళు మూసుకున్నా అటే పోతాయి.

మేనేజరుగారి దగ్గరికి వెళ్ళి అసెంబ్లీ పాయింట్ మైకు దగ్గరికి మారుద్దామన్నాను.

“అది మన జాగా కాదమ్మా. రోడ్డువాళ్ళది.”

“గాలి కూడా మనది కాదు సార్.”

ఆయన ఆ మాట మీద చాలా రోజులు ఆలోచించి, ఇన్‌స్పెక్టరు వచ్చే ముందురోజు సాయంత్రం కొత్త ప్లాన్ మీద సంతకం పెట్టారు. అప్పటికప్పుడు నోటీసు రాసి అంటించాను. పాత ఎర్ర ఇంటూ బొమ్మలన్నీ పీకే టైములేక కొన్ని అలాగే ఉండిపోయాయి. ప్రతి సెక్షన్‌కీ వెళ్ళి నోటితో కూడా చెప్పాను. “ఇక నుంచి సైరన్ మోగితే మైకు దగ్గరికే రండి.” అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. సంతోషంతో అనుకున్నాను. చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ, కార్మికులు నోరెత్తకుండా నవ్వితే అది సంతోషమని ఎప్పుడూ అనుకోకండి.

ఇన్‌స్పెక్టరుగారు సన్నగా, పొడుగ్గా ఉన్నారు. ఐస్‌క్రీం ఇవ్వబోతే, “షుగర్ ఉంది” అన్నారు. షుగర్ లేని ఐస్‌క్రీం ఉందంటే, “నమ్మకం లేదు” అన్నారు. ఆయన, మేనేజరుగారు, నేను మైకు దగ్గర నిలబడ్డాం. కొత్త అసెంబ్లీ పాయింట్ ఎక్కడో నేను ఇంకా చెప్పలేదు, జనం వచ్చాక చెబితే బాగుంటుందని. సైరన్ మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది.

ఒక్క మనిషి కూడా రాలేదు.

ఆ గేటులోంచి ఎప్పుడూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఆ రోజు ఒక కుక్క వచ్చింది, మా వైపు చూసి వెనక్కి పోయింది. చాయ్ బండి అక్క గిన్నె మీది మూత తీసి, “ఏంది మేడం, ఇయ్యాల అందరికి ఛుట్టీనా?” అంది.

నేను లోపలికి పరుగెత్తాను. ‘పరుగెత్తరాదు’ అని నేనే రాయించిన బోర్డు పక్కనుంచి పరుగెత్తాను. కంప్రెసర్ గదిలో నిజంగానే ఏదైనా జరిగిందేమో, అందరూ లోపలే ఉండిపోయారేమో అని నా ప్రాణాలు నా దగ్గర లేవు. క్యాంటీన్ మలుపు తిరిగాను.

అందరూ అక్కడే ఉన్నారు. గోడ పొడుగునా, బడిలో ప్రార్థనకి నిలబడ్డట్టు వరసలుగా, చేతులు వెనక్కి కట్టుకుని. ఆడవాళ్ళ వరస ముందు పెద్దక్క నిలబడి నన్ను చూసి కన్నుగీటింది.

“లెక్క పెట్టుకోండ్రి మేడం. ఒక్కలు తక్కువున్నా అడుగుండ్రి.”

లెక్కపెట్టాను. సరిపోయింది. నేను చేరినప్పటినుంచీ మొదటిసారి, ఒక్క తల కూడా తేడా లేకుండా సరిపోయింది. వంటమనిషి కూడా కత్తి పక్కనపెట్టి వరసలో నిలబడ్డాడు.

“నిన్న నోటీసు చూడలేదా పెద్దక్కా? మైకు దగ్గరికి రమ్మన్నాను కదా?”

ఆమె గొంతు తగ్గించింది. “సూసినం. మీరు మమ్ముల పరీక్ష పెట్టిన్రని మాకు అప్పుడే ఎరుకైంది. ఇన్నొద్దులసంది పోవద్దు పోవద్దని మొత్తుకుంటిరి. ఇయ్యాల పెద్దసారు వచ్చేరోజే పొమ్మంటే పోతమా? గంత పాగలోళ్ళమా? మీ నౌకరి ముచ్చటాయె. రాత్రంత ఫోన్లు చేసుకొని అందరికి చెప్పుకున్నం, ఎవ్వలు మైకు దిక్కు సూడొద్దని.”

ఇంత ప్రేమగా నా కొంప ఇంతకుముందెవరూ ముంచలేదు.

వెనకనుంచి ఇన్‌స్పెక్టరుగారూ మేనేజరుగారూ వచ్చారు. మేనేజరుగారు వరసలు చూసి వెలిగిపోయారు. నా పక్కకి వచ్చి, పెదవులు కదలకుండా, “లెక్క సరిపోయిందా?” అన్నారు.

“సరిపోయింది సార్. కానీ...”

“కానీ లేదు గీనీ లేదు. ఇదే పాయింట్ అనేయండి. పాత ప్లాన్ ఫైల్లోనే ఉంది. మైకు దగ్గర నిలబడింది గేటు చూపించడానికని చెబుతాను. సాయంత్రానికి మీ కన్ఫర్మేషన్.”

ఇన్‌స్పెక్టరుగారు పెన్ను తీశారు. “ఇదేనా మీ అసెంబ్లీ పాయింట్?”

అవునంటే చాలు. వరసల్లో ఉన్న అందరూ నేను అవునంటానని ఎదురుచూస్తున్నారు. నా నోట్లో ఆ మాట తయారుగా ఉంది. సరిగ్గా అప్పుడు వెనిల్లా వచ్చింది.

మా మిక్సింగ్ గది కంప్రెసర్ గదిని ఆనుకునే ఉంటుంది. గాలి అటునుంచి ఒక్క తోపు తోసేసరికి ఆ వాసన గుప్పుమని గోడ దగ్గరికి వచ్చి నా ముక్కులో దూరింది. కడుపు తిరిగింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను. తల ఎత్తి చూస్తే కప్పు మీది ఒంటికాలి ప్యాంటు మా అందరి మీదికీ కాలు చాపి ఉంది. వెనిల్లా వచ్చిన దారినే అమోనియా కూడా వస్తుంది. అది నాకు నా పుస్తకాల కంటే ముందు నా కడుపు చెప్పింది.

“కాదు సార్” అన్నాను రుమాల్లోంచి. “ఇది తప్పు చోటు. గాలి ఇటే వీస్తోంది. ఇప్పుడు నిజంగా గ్యాస్ వదిలితే వీళ్ళందరూ లెక్క సరిపోయి మరీ పడిపోతారు. పాయింట్ మైకు దగ్గర.”

మేనేజరుగారు కళ్ళు మూసుకున్నారు. ఇన్‌స్పెక్టరుగారు తల ఎత్తి గుడ్డగొట్టాన్ని చూశారు, వరసల్ని చూశారు, నన్ను చూశారు. ఏదో రాసుకుని, “అయితే ఇది ఫెయిల్. మళ్ళీ వస్తాను. ఎప్పుడో చెప్పను” అని వెళ్ళిపోయారు.

వరసలు చెదిరాయి. పెద్దక్క నా ముందునుంచి వెళుతూ ఆగింది. “నౌకరి మేం చేతుల పెడితే మీరే వద్దంటిరి” అని, మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది.

నా ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించారు. మీకు లెక్కలు రావాలి కాబట్టి చెబుతున్నాను, మూడు నెలల్లో దాచడానికి వీలయ్యేది దాచడానికి వీల్లేకుండా అవుతుంది. నేను రెండు సైజులు పెద్ద చుడీదార్లు కుట్టించాను. నడిచేటప్పుడు ఫైలు పొట్టకి ఆనించి పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. మా వంశంలో అందరికీ అన్నం అరగదని, అందుకే లావవుతున్నానని ఎవరూ అడక్కుండానే ఇద్దరికి చెప్పాను.

ప్యాకింగ్ ఆడవాళ్ళు వారంపాటు నాతో ముభావంగా ఉన్నారు. ఇక లాభం లేదని ఒక మధ్యాహ్నం పెద్దక్కని చెయ్యి పట్టుకుని క్యాంటీన్ గోడ దగ్గరికి తీసుకెళ్ళాను.

“ఏం వాసన వస్తోంది?”

“ఉల్లిగడ్డ.”

“ఇంకా?”

ముక్కు ఎగబీల్చింది. “వెనిల్లా.”

“అది ఏ గదినుంచి వస్తోంది? ఆ గది పక్కన ఏ గది ఉంది?”

ఆమె తల తిప్పి కంప్రెసర్ గది వైపు చూసింది. తర్వాత, “జెర గీ ముచ్చట ముందుగాల చెప్పరాదు మేడం? గిన్ని బొమ్మలు గీస్తిరి, గీ ఒక్క ముక్క చెప్పకపోతిరి” అంది. నిజమే. ఎటు పోవాలో పదిరకాలుగా చెప్పాను గానీ, ఎందుకు పోవాలో ఎవరికీ వాసన చూపించలేదు.

ఆ తర్వాత పని దానంతటదే జరిగింది. పెద్దక్క ఒక్కొక్క సెక్షన్‌నీ తెచ్చి గోడ దగ్గర నిలబెట్టి ముక్కులు పరీక్షించింది. మేనేజరుగారు రోడ్డువాళ్ళకి కాగితం పెట్టి ఒప్పించారు. పెయింటరు వచ్చి, అసెంబ్లీ పాయింట్ గుర్తు అదే కాబట్టి, మైకుకి ఆకుపచ్చ రంగువేసి నాలుగు తెల్ల బాణాలు దించాడు. ఆ పని జరుగుతుండగా ఒక పెద్దాయన కారాపి దిగి, కర్ర ఊతగా పట్టుకుని, చాలాసేపు తలెత్తి చూస్తూ నిలబడ్డాడు. ఆయనే మొదటి యజమానని సూపర్‌వైజరు నా చెవిలో చెప్పాడు. పెద్దాయన నా దగ్గరికి వచ్చి, ఎంతో ఆశగా, “పిస్తానా అమ్మా?” అన్నాడు. కాదు, అసెంబ్లీ పాయింట్ అని చెప్పడానికి నోరు రాలేదు. “అవునండి, పిస్తా” అన్నాను. వెళ్ళేటప్పుడు పెయింటరుకి చెయ్యి ఊపి మరీ వెళ్ళాడు.

ఇన్‌స్పెక్టరుగారు అన్నట్టే చెప్పకుండా వచ్చారు. ఉదయం షిఫ్టు మారే వేళకి కాస్త ముందు దిగి, “మోగించండి” అన్నారు.

సైరన్ ఆగి ఆగి మోగింది. నేను మైకు దగ్గర నిలబడ్డాను. వచ్చారు. పెద్దక్క ముందు, వెనక ప్యాకింగ్ అంతా, లోడింగువాళ్ళు, వంటమనిషి, అందరూ గేటులోంచి తోసుకోకుండా వచ్చి గద్దె చుట్టూ వరసలు కట్టారు. కళ్ళనీళ్ళు తిరిగాయి. లెక్కపెట్టాను.

ఎక్కువొచ్చింది.

మళ్ళీ లెక్కపెట్టాను. ఇంకా ఎక్కువొచ్చింది. లెక్కపెడుతుండగానే వరసలు పొడుగవుతున్నాయి.

“మన ఫ్యాక్టరీవాళ్ళు చేతులెత్తండి” అన్నాను. అందరూ ఎత్తారు. పక్క నట్టుబోల్టుల ఫ్యాక్టరీ యూనిఫాం వేసుకున్నవాళ్ళు కూడా ఎత్తారు. గెనుసుగడ్డల తట్ట నెత్తిన పెట్టుకున్న ఒకాయన ఒక చేత్తో తట్ట పట్టుకుని ఇంకో చెయ్యి ఎత్తాడు.

“మీరెందుకు నిలబడ్డారు?” అని ఆయన్ని అడిగాను.

“లైను కట్టిన్రు కద మేడం, కట్టిన.” ముందుకి వంగి మెల్లగా అడిగాడు. “ఏమిస్తున్రు?”

సెక్షన్ పెద్దలు పేర్లు పిలిచారు. మావాళ్ళు ఒక్కరు తగ్గకుండా ఉన్నారు. మిగిలినవాళ్ళు ఆటోల కోసం నిలబడ్డవాళ్ళు, తాళంచెవుల కోసం వచ్చినవాళ్ళు, ఊరికే వచ్చినవాళ్ళు. నేను ఇన్‌స్పెక్టరుగారి వైపు చూశాను. ఆయన ఆ జనాన్ని ఒకసారి ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూశారు.

“తక్కువొస్తే నోటీసివ్వడానికి నా దగ్గర సెక్షన్ ఉందమ్మా. మీవాళ్ళతో పాటు ఊరివాళ్ళని కూడా బతికించినందుకు ఇవ్వడానికి ఏ సెక్షనూ లేదు. పాస్.”

అక్కడితో ఆగితే బాగుండేది. చాయ్ బండి అక్క గరిట పైకెత్తి, అందరికీ వినపడేలా, “సారూ, మీ లెక్క ఇంకా తప్పే ఉన్నది. మేడంను ఇద్దరి కింద లెక్కపెట్టాలె” అంది.

వరసలన్నీ నా వైపు తిరిగాయి. నేను ఫైలుని పొట్టకి ఆనించుకున్నాను. ఫైలు ఇప్పుడు చాలడం లేదు. మేనేజరుగారు నన్ను ఇబ్బందిలోంచి కాపాడదామనుకున్నారు. మనిషి మంచివారని ముందే చెప్పాను.

“మాకు తెలుసులేమ్మా, కంగారుపడకండి. మీరు వెనిల్లా ట్యాంకు దగ్గరనుంచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పరుగెత్తిన రోజే ప్లాంటంతా తెలిసిపోయింది. అందుకే గదా హెడ్డాఫీసు వాళ్ళు ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించి చూద్దాం, ఈలోగా ఆవిడే...”

అక్కడ ఆయనకి తన పక్కన ఎవరున్నారో గుర్తొచ్చింది.

ఇన్‌స్పెక్టరుగారు మూసిన పెన్ను మళ్ళీ తెరిచారు. “ఈలోగా ఆవిడే?”

“ఏం లేదు సార్.”

“ప్రసూతి చట్టం కూడా నేనే చూస్తాను మేనేజరుగారూ. ఈ ముక్క కూడా రాసుకోమంటారా?”

“అబ్బే, వద్దు సార్. కన్ఫర్మేషన్ లెటరు టైపవుతోంది. సాయంత్రానికి ఇచ్చేస్తాం.”

“సాయంత్రం దాకా ఎందుకు?”

“మధ్యాహ్నానికి సార్.”

“నేను చాయ్ తాగి వెళతాను” అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. “చక్కెర లేకుండా.” గద్దె మీద రుమాలు పరుచుకుని కూర్చున్నారు.

ఆయన గ్లాసు ఖాళీ అయ్యేలోపే లెటరు వచ్చింది. మేనేజరుగారు స్వయంగా తెచ్చారు, సీలు ఇంకా తడిగానే ఉంది. నేను రెండుసార్లు చదువుకున్నాను. మూడోసారి చదువుతుంటే పెద్దక్క నా భుజం మీదినుంచి తొంగిచూసింది.

“ఏం రాసిన్రు మేడం?”

“పర్మనెంటు అయిందని.”

“గా ఒక్క ముక్కకు గింత కాగితమా?”

“పర్మనెంటు అయినంక ఇగ మేడం ఏందే?” అంది చాయ్ అక్క పెద్దక్కతో. “మేడం అంటే వచ్చి పోయేటోళ్ళు.” తర్వాత నా వైపు తిరిగింది. “ఇగ సూడు బిడ్డా, పొద్దుగాలసంది నిలబడే ఉన్నవ్. కాళ్ళు వాపొచ్చినయ్. వచ్చి కూసో.”

గద్దె నిండా జనం. పెద్దక్క చేత్తో అదిలించింది. “జరుగుండ్రి, జెర జరుగుండ్రి. ఇద్దరికి జాగ ఇయ్యుండ్రి.”

అందరూ కొంచెం కొంచెం జరిగారు. ఇన్‌స్పెక్టరుగారు కూడా జరిగారు. నేను కూర్చున్నాను.